రాత్రి రైలెక్కితే... రెండువేల ఏళ్లు!

శనివారం సాయంత్రం రైలెక్కి, ఆదివారమంతా తిరిగి, సోమవారం పొద్దునకి మళ్లీ సికింద్రాబాద్‌లో దిగిపోవచ్చు. లాడ్జి అద్దె ఉండదు. స్లీపర్‌లో వెళ్లొస్తే మనిషికి రెండువేల రూపాయలు దాటని ఖర్చు. ఆ ఒక్క పగటిలో చూసి రాగలిగేవి రెండు. విష్ణుమూర్తి తాబేలు రూపంలో పూజలందుకునే అరుదైన గుడి ఒకటి. దానికి అరగంట దూరంలో, బౌద్ధ భిక్షువులు కొన్ని వందల ఏళ్లపాటు నివసించిన కొండ మరొకటి. మొదటిది శ్రీకూర్మం, రెండోది శాలిహుండం. రెండూ శ్రీకాకుళం జిల్లా గార మండలంలోనివే. గుడి దగ్గర జనం బారులు తీరతారు. కొండకు దారి అడిగితే మాత్రం ఆటోవాలా ఓ క్షణం ఆలోచిస్తాడు!

పొరుగూరి బండి

సికింద్రాబాద్ నుంచి శ్రీకాకుళం వైపు వెళ్లే రాత్రి రైళ్లలో విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ముఖ్యమైనవి. స్లీపర్ టికెట్టు ఐదొందల చుట్టుపక్కల ఉంటుంది. పండగలప్పుడు మాత్రం దొరకడం కష్టం. ఎందుకంటే ఇవి యాత్రికుల బళ్లు కావు. హైదరాబాద్‌లో మేడలు కట్టడానికి వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలు పండక్కో పెళ్లికో ఊరెళ్లేది వీటిలోనే. సీట్ల కింద మూటలు, కిటికీ కొక్కేలకు వేలాడే సంచులు, పిల్లల కోసం కొన్న ప్లాస్టిక్ బొమ్మలు... నల్గొండ దాటేసరికి టిఫిన్ డబ్బాలు విప్పుతారు. 'ఏ ఊరు మీది?' అన్న పలకరింపుతో మొదలై, నిద్రొచ్చేదాకా కబుర్లు సాగుతాయి. శ్రీకూర్మం వెళ్తున్నామంటే చాలు... తాతనో నాయనమ్మనో తలుచుకునేవాళ్లు ఆ బోగీలో ఒకరైనా ఉంటారు. అదెందుకో గుడికి వెళ్లాక తెలుస్తుంది.

విశాఖపట్నంలో ఓ తమాషా. అప్పటిదాకా ముందుకు పోతున్న రైలు, అక్కణ్నుంచి వెనక్కి బయల్దేరినట్టనిపిస్తుంది. కంగారు పడనక్కర్లేదు. విశాఖ స్టేషన్‌కు వచ్చిన బండి హౌరా వైపు పోవాలంటే వచ్చిన దారిలోనే కొంతదూరం వెనక్కి రావాలి. అందుకని ఇంజను రెండో చివరకి మారుతుంది. రాత్రంతా వెనక ఉన్న బోగీలు తెల్లారేసరికి ముందుంటాయి! విజయవాడ నుంచి కటక్ దాకా తీరం వెంట ఈ దారి 1893 - 96 మధ్య పూర్తయింది. అంతకుముందు పూరీ నుంచి సింహాచలం వైపు వచ్చే యాత్రికులు నడిచో, బండి కట్టుకునో ఇదే తీరాన్ని పట్టుకుని వచ్చేవారు. ఆ దారిలోదే శ్రీకూర్మం. చైతన్య మహాప్రభువు దక్షిణ యాత్రలో ఇక్కడ ఆగారని ఆయన చరిత్రలు చెబుతాయి.

విజయనగరం, చీపురుపల్లి దాటాక పొందూరు వస్తుంది. సన్నటి ఖద్దరుకు పేరుమోసిన ఊరు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి శుభ్రం చేసే పద్ధతి ఇక్కడిదే. ఆ తర్వాతదే మనం దిగాల్సిన శ్రీకాకుళం రోడ్ స్టేషన్. పేరులో శ్రీకాకుళం ఉన్నా, ఉన్నది ఆమదాలవలసలో. పట్నం ఇంకో 13 కిలోమీటర్లు. టికెట్టు మీద స్టేషన్ కోడ్ చూడండి... సీహెచ్ఈ అని ఉంటుంది. శ్రీకాకుళాన్ని ఇంగ్లిషువాళ్లు చికాకోల్ అన్నారు. వాళ్లు పోయారు, ఊరు పేరు మారింది. రైల్వే కోడ్ మాత్రం అలాగే ఉండిపోయింది!

స్టేషన్ బయటే ఆటోలు, బస్సులు ఉంటాయి. వెయిటింగ్ హాల్లో మొహం కడుక్కుని, బయట వేడివేడి ఇడ్లీ తిని బస్సెక్కితే శ్రీకాకుళం కాంప్లెక్స్. అక్కణ్నుంచి శ్రీకూర్మం సుమారు 15 కిలోమీటర్లు. వరిచేలు, కొబ్బరిచెట్లు, రోడ్డు పక్కన తాటితోపులు... సముద్రం కనిపించదుగానీ గాలిలో దాని తేమ తెలుస్తూనే ఉంటుంది.

పడమటి చూపు

మామూలుగా గుళ్లలో స్వామి తూర్పుముఖంగా ఉంటాడు. శ్రీకూర్మంలో పడమటివైపు చూస్తాడు. గుడికి ధ్వజస్తంభాలు కూడా రెండు... తూర్పున ఒకటి, పడమర ఒకటి. స్వామి ఇలా ఎందుకు తిరిగాడన్నదానికి ఒకటికి రెండు కథలున్నాయి. రామానుజాచార్యులు వచ్చినప్పుడు ఆయన కోసం తిరిగాడని వాటిలో ఒకటి. గర్భాలయంలో విగ్రహం చేతులూ ఆయుధాలూ ఉన్న మామూలు విగ్రహంలా ఉండదు. తాబేలు ఆకారంలో ఉన్న నల్లటి శిల. మొదటిసారి చూసినవాళ్లకు తల ఏదో, వీపు ఏదో పోల్చుకోవడానికి కాస్త సమయం పడుతుంది.

గుడి ఎదుట శ్వేతపుష్కరిణి. చనిపోయినవాళ్ల అస్థికలు ఇందులో కలిపి, ఒడ్డున పితృకర్మలు చేస్తారు. కాశీలో చేసిన ఫలితమే ఇక్కడా దక్కుతుందని నమ్మకం. రైల్లోని మనుషులు శ్రీకూర్మం పేరు వినగానే పెద్దల్ని తలుచుకునేది ఇందుకే. కాశీ దాకా వెళ్లే స్తోమత లేని ఇళ్లకు, శ్రీకూర్మమే కాశీ. తక్కువ ఖర్చుతో యాత్ర అన్నది ఈ ఊరికి ఇప్పుడొచ్చిన మాట కాదన్నమాట.

స్తంభాలే ఖాతా పుస్తకాలు

దర్శనం కాగానే వచ్చిన పని అయిపోయిందనుకుని బయటకు వచ్చేస్తారు చాలామంది. ఇంకో గంట ఉండండి. మండపంలో స్తంభాల మీద అక్షరాలు కనిపిస్తాయి. పదకొండో శతాబ్దం నుంచి ఈ గుడిలో చెక్కిన శాసనాలు వందకు పైగా ఉన్నాయి. ఎక్కువభాగం తెలుగు, సంస్కృతం. వీటిని ప్రభుత్వ శాసన పరిశోధకులు నకళ్లు తీసి, 1925లో వెలువడిన దక్షిణ భారత శాసనాల ఐదో సంపుటంలో అచ్చువేశారు.

రాజుల విజయాలే ఉంటాయనుకుంటే పొరపాటు. ఎక్కువగా ఉన్నవి లెక్కలు! ఫలానా ఆయన స్వామి ముందు అఖండదీపం వెలగడానికి ఇన్ని ఆవులిచ్చాడు, ఫలానా ఆవిడ పూలదండల కోసం ఇన్ని గండమాడలిచ్చింది... ఇలా. గండమాడ అంటే ఆనాటి బంగారు నాణెం. ఆవులెందుకంటే, వాటి పాలు పితికి, నెయ్యి తీసి, రోజూ దీపానికి ఇంత అని పోయాలి. ఆవుల్ని పోషించే బాధ్యత ఒకరిది, నెయ్యి కొలిచే బాధ్యత మరొకరిది. ఈ ఒప్పందం తామున్నంతవరకే కాదు, సూర్యచంద్రులున్నంతవరకూ సాగాలని 'ఆచంద్రార్కం' అన్న మాట చేర్చేవారు. కాగితం చిరుగుతుంది, మనిషి మాట తప్పుతాడు... అందుకే రాతి మీద రాయించారు. ఒకరకంగా బ్యాంకు డిపాజిట్టు లాంటిదే. అసలు కదలదు, వడ్డీ దీపంగా వెలుగుతుంది.

శాసనాల్లో ఓ సన్న్యాసి కథ కూడా ఉంది. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు 1281లో ఇక్కడ వేయించిన సంస్కృత శాసనం అది. గాంగ రాజుల కాలంలో కళింగ పరిపాలన బాధ్యతలు మోసిన మనిషి ఆయన. శబరుల దాడి నుంచి ఈ గుడిని కాపాడటానికి కత్తి పట్టాడని శాసనం చెబుతుంది. కూర్మనాథుడి ఎదుట యోగానంద నరసింహస్వామికి గుడి కట్టించిందీ ఆయనే. కాషాయం, కత్తి ఒకే మనిషి చేతిలో! ఇవాళ మనకు వింతగా ఉన్నా, 740 ఏళ్లనాటి ఆ రాయి ఆ సంగతిని మామూలు విషయంలాగే చెబుతుంది.

ప్రదక్షిణ మార్గంలో గోడల మీద వర్ణచిత్రాలున్నాయి. సహజ రంగులతో వేసిన వైష్ణవ గాథలు. కొన్నిచోట్ల ఎరుపు, పసుపు ఇంకా నిగనిగలాడుతున్నాయి. చాలాచోట్ల రంగు పెచ్చులూడి, బొమ్మలో సగమే మిగిలింది. కన్ను ఉంటుంది, ముఖం ఉండదు. చెయ్యి ఉంటుంది, అందులో ఏముందో తెలియదు. గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ల వీపులు, తడిమి చూసే వేళ్లు, చెమ్మ... బొమ్మలకు శత్రువులు దాడిచేసేవాళ్లే కానక్కర్లేదు. చిత్రాలకు చెయ్యి తగలకుండా రెండడుగుల దూరంలో నిలబడి చూడటం, ఫ్లాష్ కొట్టకుండా ఫొటో తీయడం... సందర్శకులు చేయగలిగిన సాయం అదే.

వీపు మీద నక్షత్రాలు

ఆలయ ఆవరణలో బతికున్న తాబేళ్లూ ఉన్నాయి. వీపు మీద పసుపురంగు గీతలతో నక్షత్రాలు గీసినట్టుంటాయి కాబట్టి నక్షత్ర తాబేళ్లంటారు. పొలాల్లో, తోటల్లో దొరికినవాటిని స్వామి రూపమన్న భక్తితో జనం ఇక్కడికి తెచ్చి వదులుతూ వచ్చారు. అయితే భక్తితో పాటు కొంచెం జంతుశాస్త్రం కూడా తెలియాలి. ఇవి నీటి తాబేళ్లు కావు. పొడినేలల మీద, పొదల్లో తిరిగేవి. వీటిని పుష్కరిణిలో వేస్తే మేలు చేసినట్టు కాదు. తినేది గడ్డి, ఆకులు. ప్రసాదం, బిస్కెట్లు వీటి తిండి కాదు.

వీటిని పట్టడం, ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అందంగా ఉండటమే వీటి పాలిట శాపమైంది. దొంగతనంగా విదేశాలకు తరలించే జీవుల్లో ముందువరసలో ఉన్నాయి. 2019లో వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు కూడా. శ్రీకూర్మంలో కొన్ని తాబేళ్లు చనిపోయిన సంగతి 2025లో వార్తలకెక్కింది. గర్భగుడిలోని రాతి తాబేలుకు పూటపూటా నైవేద్యం జరుగుతుంది. బయటున్న ప్రాణమున్న తాబేలుకు నీడ, పచ్చగడ్డి, పశువైద్యుడు కావాలి. రెండూ సేవలే.

కొండ మీద బంగారు పూలు

మధ్యాహ్నం గుడి తలుపులు మూశాక శాలిహుండం వైపు కదలొచ్చు. బస్సుల కోసం చూస్తే పొద్దు గడిచిపోతుంది. నలుగురు కలిసి ఆటో మాట్లాడుకోవడం మేలు. 'అక్కడేటుంది బాబూ, ఒట్టి రాళ్లే కదా' అన్న మాట వినపడినా వెనక్కి తగ్గొద్దు. ఆ మాట నిజమే. అక్కడున్నది రాళ్లే, ఇటుకలే.

వంశధార దక్షిణపు ఒడ్డున, నది సముద్రంలో కలిసే కళింగపట్నానికి అయిదు కిలోమీటర్ల ఇవతల ఉందీ కొండ. పెద్ద ఎత్తేమీ కాదు. రాళ్లు పరిచిన దారి మెల్లగా పైకి తీసుకెళుతుంది. దారికి అటూ ఇటూ ఇటుక కట్టడాల పునాదులు. ఏనుగు వీపులా ఒకవైపు గుండ్రంగా తిరిగే చైత్యగృహాలు, గుండ్రటి స్తూపాల పీఠాలు, బండిచక్రం ఆకుల్లా లోపల గోడలు కట్టి పైన మట్టి నింపిన స్తూపం... అన్నిటికంటే పైన మహాస్తూపం. చక్రం ఆకారమెందుకంటే, అంత పెద్ద గుమ్మటం బరువు ఒక్కచోటే పడకుండా ఆకుల్లాంటి గోడలన్నీ పంచుకుంటాయి. ధర్మచక్రాన్నీ గుర్తుచేస్తుంది. ఇంజినీరింగూ భక్తీ కలిసిపోయాయిక్కడ.

క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం ప్రాంతం నుంచి క్రీస్తుశకం 12వ శతాబ్దం దాకా బౌద్ధం ఇక్కడ నిలిచిందని తవ్వకాల్లో దొరికినవాటిని బట్టి అంచనా. అంటే వెయ్యేళ్లకు పైనే! కొండ కింద పురావస్తు శాఖవారి ప్రదర్శనశాలలో ఉన్న తార, మారీచి విగ్రహాలు చూస్తే ఆ వెయ్యేళ్లలో బౌద్ధం ఎంత మారిందో తెలుస్తుంది. మొదట స్తూపానికి మొక్కినవాళ్లు, తర్వాత బుద్ధుణ్ని, ఆపైన దేవతల్ని విగ్రహాలుగా చెక్కి కొలిచారు. మహాస్తూపంలో రాతి పేటికలు బయటపడ్డాయి. వాటిలో స్తూపం ఆకారంలో చేసిన స్ఫటికపు భరిణెలు, ఆ భరిణెల్లో బంగారు పూలు. అస్థికల పెట్టె అన్న అర్థంలో శల్యపేటిక అనేవారనీ, అదే శాలిహుండమైందనీ కొందరంటారు. వరిధాన్యానికి నెలవు కాబట్టి శాలివాటిక అన్నది ఇంకో మాట. చుట్టూ ఉన్న చేలు చూస్తే రెండోదీ నమ్మబుద్ధేస్తుంది.

పైనుంచి చూస్తే కింద వంశధార. ఒడిశా కొండల్లో పుట్టి వచ్చిన నది ఇక్కడికొచ్చేసరికి నింపాదిగా, వెడల్పుగా పారుతుంది. దూరంగా సముద్రం వైపు తెల్లటి వెలుగు. భిక్షువులు ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు. రేవు దగ్గర కాబట్టి ఓడల్లో వచ్చే వర్తకులుంటారు. వర్తకులున్నచోట దానాలుంటాయి. చుట్టూ వరి పండుతుంది కాబట్టి భిక్షకు లోటుండదు. ఊరికి దగ్గరే అయినా, కొండ మీద ప్రశాంతత. ఆ రోజుల్లో ఇది మారుమూల కాదు. తూర్పుతీరంలో పదిమందీ వచ్చిపోయే దారి.

ఎక్కి చూసిన పంతులుగారు

ఈ కొండ సంగతిని 1919లో లోకానికి చెప్పింది ఎవరో తెలుసా? గిడుగు రామమూర్తి పంతులుగారు! తెలుగువాళ్లకు ఆయన వాడుకభాషా ఉద్యమ నాయకుడిగానే తెలుసు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన మనిషికి చుట్టుపక్కల గుళ్లు, శాసనాలు చిన్నప్పటి నుంచీ పరిచయం. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. పండితులు పట్టించుకోని మాటలు విన్న మనిషే, ఊరివాళ్లు పట్టించుకోని ఇటుకలు కూడా చూశారు. ఆ వెనక లాంగ్‌హర్స్ట్, స్వాతంత్య్రం తర్వాత ఆర్.సుబ్రహ్మణ్యం వంటి పురావస్తు అధికారులు తవ్వకాలు జరిపారు. ఇప్పుడిది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం.

ఒకే మండలంలో, ఒకే పగటిలో ఈ రెండూ చూసినవాళ్లకు ఓ సందేహం రాకమానదు. వీటిలో ఏది క్షేమంగా ఉన్నట్టు? శ్రీకూర్మంలో పూజ ఆగలేదు. కాబట్టి పైకప్పు నిలిచింది, దీపం వెలుగుతోంది, ఊరు బతుకుతోంది. కానీ రోజూ వేలమంది నడిచే చోట బొమ్మ చెరుగుతుంది, స్తంభాల మీది అక్షరం అరుగుతుంది. శాలిహుండంలో పూజ ఏడెనిమిది వందల ఏళ్ల కిందటే ఆగిపోయింది. గుమ్మటాలు కూలాయి. మిగిలినవాటికి కంచె, కాపలా ఉన్నాయి. లేనిది మనుషుల రాకే. గుడికి వచ్చేవారిలో పదోవంతు మంది కొండెక్కినా, కింద ఓ టీ కొట్టు, ఓ బస్సు, నాలుగు మాటలు చెప్పగల ఊరి కుర్రాడు వాటంతట అవే వస్తాయి. గుడిలోనేమో కాస్త ఆగి చూసేవాళ్లు పెరగాలి. స్తంభం మీదున్నది గీతలు కాదు, ఎవరో ఒకావిడ పూలకోసం ఇచ్చిన సొమ్ము లెక్క అని తెలిస్తే, ఆ స్తంభానికి కుంకుమచేయి తుడవడానికి మనసొప్పదు కదా!

ఇలా వెళ్లాలి

దిగాల్సిన స్టేషన్ శ్రీకాకుళం రోడ్ (ఆమదాలవలస). సికింద్రాబాద్ నుంచి సాయంత్రం బయల్దేరే విశాఖ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే చేరుస్తుంది. తిరుగు ప్రయాణానికి రాత్రివేళ ఫలక్‌నుమా అనుకూలం. వేళలు మారుతుంటాయి, టికెట్టు కొనేముందు సరిచూసుకోండి.

శ్రీకాకుళం కాంప్లెక్స్ నుంచి శ్రీకూర్మానికి బస్సులు, ఆటోలు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి.

శ్రీకాకుళం శివారులోనే అరసవల్లి సూర్యదేవాలయం. ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఆ రోజుల్లో రద్దీ ఎక్కువ. ఇంకో రోజు చేతిలో ఉంటే వంశధార ఒడ్డునే పైకి వెళ్లి, గాంగుల పాత రాజధాని శ్రీముఖలింగం చూడొచ్చు. గిడుగువారి సొంత సీమ అది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. ఫాల్గుణ పౌర్ణమికి శ్రీకూర్మంలో డోలోత్సవం. శాలిహుండం కొండ మీద నీళ్లు, తినుబండారాలు దొరకవు. సీసా నిండా నీళ్లు, నెత్తికో టోపీ, ఓ టార్చిలైటు పెట్టుకోండి. టార్చి కొండకు కాదు, గుడి స్తంభాలకు. పక్కనుంచి ఏటవాలుగా వెలుగు పడితే అరిగిపోయిన అక్షరం కూడా లేచి కనిపిస్తుంది.